ఆ తరగతి గదిలో సిల్వియా కథ వినిపించాలి

సెప్టెంబరు 15 వచ్చిందంటే అమెరికాలో ఎన్నో ప్రాథమిక పాఠశాలల గోడల మీద రంగు కాగితాల తోరణాలు వేలాడతాయి. పిల్లలు వెడల్పాటి అంచుల టోపీలు కత్తిరిస్తారు, ఒక స్పానిష్ పాట నేర్చుకుంటారు, టాకోలు తింటారు. అక్టోబరు 15 దాటగానే తోరణాలు అటకెక్కుతాయి. హిస్పానిక్ వారసత్వ మాసం, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న అమెరికన్లను తలుచుకునే నెల, అయిపోయినట్టే.

నెల మధ్యలో మొదలుకావడానికి కారణం ఉంది. సెప్టెంబరు 15 గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగ్వా, కోస్టారికాల స్వాతంత్ర్య దినం. మెక్సికోది ఆ మరునాడే, చిలీది 18న. ఈ వేడుక 1968లో అధ్యక్షుడు జాన్సన్ హయాంలో వారోత్సవంగా మొదలై, 1988లో అధ్యక్షుడు రీగన్ కాలంలో మాసంగా మారింది. 2020 జనగణన లెక్కన అమెరికాలో హిస్పానిక్ ప్రజలు 6.2 కోట్లు. ఇన్ని దేశాల మూలాలున్న వాళ్లందరికీ ఒకే టోపీ తొడిగితే ఎలా? ఆ టోపీ మెక్సికోది. కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబపు పిల్లకు అందులో తన ఇల్లు కనిపించదు.

తోరణాలు వద్దనను. పిల్లలకు కత్తెర, జిగురు కావాలి. అయితే చేతిపనికి ముందు ఒక మనిషి కథ ఉండాలి. నన్నడిగితే మొదట సిల్వియా మెండెజ్ కథ చెప్పమంటాను. డంకన్ తోనాతియూ బొమ్మలతో రాసిన ‘సెపరేట్ ఈజ్ నెవర్ ఈక్వల్’ అనే పిల్లల పుస్తకం ఆ కథే.

1940లలో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మినిస్టర్. సిల్వియా నాన్న మెక్సికో మనిషి, అమ్మ ప్యూర్టోరికో మనిషి. మేనత్త తన పిల్లలనూ, సిల్వియానూ, ఆమె తమ్ముళ్లనూ వెంటబెట్టుకుని దగ్గర్లోని బడికి వెళ్లింది. మేనత్త పిల్లలది లేత రంగు, ఇంటిపేరు కూడా మెక్సికన్‌లా వినిపించదు. వాళ్లను చేర్చుకుంటామన్నారు. మెండెజ్ పిల్లలను మాత్రం ‘మెక్సికన్ బడి’కి పొమ్మన్నారు. ఒక ఇంటి పిల్లలే, ఒకే గుమ్మం ముందు! ఆ మేనత్త తన పిల్లలనూ అక్కడ చేర్చకుండా వెనక్కి తీసుకొచ్చేసింది. 1945లో మెండెజ్‌తో కలిపి ఐదు కుటుంబాలు కోర్టుకెక్కి, 1946లో గెలిచాయి. ఇంగ్లీషు రాదు కనుక వేరుగా కూర్చోబెట్టామన్న అధికారుల వాదన కోర్టులో నిలవలేదు. 1947లో కాలిఫోర్నియా గవర్నరు ఎర్ల్ వారెన్ బడుల్లో జాతుల వేర్పాటును అనుమతించే చట్టాన్ని రద్దు చేసే బిల్లుపై సంతకం చేశారు. 1954లో దేశమంతటా బడుల్లో జాతి వివక్ష చెల్లదని బ్రౌన్ కేసు తీర్పు చదివిన అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా ఆయనే.

ఎనిమిదేళ్ల పిల్లలకు కోర్టు కేసులెందుకని కొందరు తల్లిదండ్రులు అంటారు. నేను ఒప్పుకోను. ‘వాణ్ని రానిచ్చారు, నన్ను రానివ్వలేదు’ అన్న బాధ పెద్దలకన్నా ఆ వయసు వాళ్లకే బాగా తెలుసు. అమ్మానాన్నలు ఆ బడిలోని అందమైన ఆటస్థలం కోసం పోరాడుతున్నారని అప్పట్లో తాను అనుకున్నట్టు సిల్వియాయే తర్వాత చెప్పారు. పాఠం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. ఆ గుమ్మం దగ్గరి సన్నివేశాన్ని మాత్రం నాటకంగా వేయించకూడదు. ‘పో’ అనిపించుకునే పాత్ర ఏ పిల్లకిచ్చినా అది గాయమే. దానికి బదులు ఆ బడి ప్రధానోపాధ్యాయుడికి ప్రతి పిల్లా ఒక ఉత్తరం రాయాలి. రాయడం రాని చిన్నవాళ్లు బొమ్మ గీస్తారు.

ఇంకా చిన్న తరగతులకు ప్యూరా బెల్‌ప్రే ఉన్నారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో తొలి ప్యూర్టోరికో లైబ్రేరియన్ ఆమె. తాను బాల్యంలో విన్న కథలు అక్కడి అరల్లో లేవని గమనించి తానే చెప్పడం మొదలుపెట్టారు, తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలతో ఆడించారు. మార్తినా అనే బొద్దింక, పెరెజ్ అనే ఎలుకల కథను 1932లో పుస్తకంగా తెచ్చారు. పాత మేజోళ్లతో ఆ రెండు బొమ్మలు చేసి, కథను స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ చెప్పించడం కన్నా మంచి చేతిపని నాకు తోచదు. స్పానిష్ వచ్చిన పిల్ల ఆ రోజు తరగతికి గురువవుతుంది.

ఈ తరగతుల్లో మన పిల్లలూ ఉన్నారు. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో తెలుగు ఇళ్ల పిల్లలు హిస్పానిక్ పిల్లల పక్కనే కూర్చుంటున్నారు. పెరూలో పుట్టిన హువానా మార్టినెజ్ నీల్ పుస్తకంలో ఆల్మా అనే పాపకు ఆరు పేర్లు. కాగితం మీద పట్టవు. వాటిలో ఒకటి నానమ్మది, ఒకటి తాతది, ఒకటి ముత్తవ్వది అని నాన్న చెబుతుంటే పాప తన పేరును ఇష్టపడటం నేర్చుకుంటుంది. ఇంటిపేరు ముందో వెనకో తేలక, తాత పేరు మధ్యలో ఇరికి, హాజరు పిలుపులో సగానికి తెగిపోయే పేర్లు మనకూ ఉన్నాయి. ఆ పుస్తకం చదివిన రోజు టీచరు ప్రతి పిల్లకూ పొడవాటి కాగితపు పట్టీ ఇచ్చి, పూర్తి పేరు రాసి, అది ఎవరి పేరో ఇంట్లో కనుక్కుని రమ్మనాలి. పట్టీ చాలకపోతే ఇంకొకటి అతికించాలి. ఆ సాయంత్రం డాలస్ నుంచి గుంటూరుకు ఒక ఫోను వెళ్తుంది. నానమ్మ తన అత్తగారి పేరు చెబుతుంది.