ఆక్వా తీసుకోండి సార్, ఉడీ మీకు సెట్ కాదు

పొద్దున పదకొండుకి జరిగింది. రాత్రి పది దాటింది, ఇంకా కడుపు మంట తగ్గలేదు. రాసేస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు రీల్స్ చూసుకోండి.

ఆదివారం గదా, మార్కెట్‌కి పోయి బొమ్మిడాయిలు తీసుకున్నా. సంచి స్కూటర్‌కి తగిలించుకుని వస్తా వస్తా నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక సెంట్ల షాపు ముందు ఆగా. ఏసీ, అద్దం తలుపు, లోపల ఇంగ్లీషు పాట. పేరు చెప్పను, వాళ్లకి ఫ్రీ పబ్లిసిటీ నేనెందుకివ్వాలి? వచ్చే నెల మా పెళ్లిరోజు. ఏటా మా ఆవిడకే కొంటాను, ఈసారి నాకూ ఒకటి కొనుక్కుందామని బుద్ధి పుట్టింది.

కౌంటర్లో ఇరవై రెండేళ్ల కుర్రోడు. "చెక్క వాసన వచ్చేది ఏదైనా చూపించు అబ్బయా" అన్నా. వాడు నా మొహం చూశాడు. చొక్కా చూశాడు. కొంచెం వంగి నా హవాయి చెప్పులు కూడా చూశాడు. చూసి, పిల్లాడికి సూది వేసే ముందు నర్సు మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు: "ఉడీ అంటే సార్, స్ట్రాంగ్ పర్సనాలిటీ ఉన్నవాళ్లకి. లీడర్‌షిప్, కాన్ఫిడెన్స్, అట్టాంటివి. మీకు సెట్ కాదు. ఆక్వా ఇస్తా, ఫ్రెష్‌గా ఉంటుంది."

ఆక్వా అంట! నెల్లూరోడికి ఆక్వా అంట! ఇందుకూరుపేట పక్కనో ముత్తుకూరు పక్కనో ఎవరినైనా ఆపి ఆక్వా అంటే ఏందని అడగండి. రొయ్యల గుంట అంటారు. ఏరేటర్లు తిరగతా ఉంటాయి, మేత కలిసిన నీళ్ల మీద నురగ తేలతా ఉంటుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, రేటెంత, వైట్ స్పాట్ రోగం తగిలిందా అని మాటలు. ఇదీ మాకు తెలిసిన ఆక్వా. బయట స్కూటర్‌కి బొమ్మిడాయిల సంచి వేలాడుతోంది, ఇంకా నాకు వీడు ఫ్రెష్‌నెస్ అమ్ముతాడంట.

సీసా పక్కన ఒక కార్డు. "నిబ్బరం, గాంభీర్యం, తక్కువ మాట్లాడి ఎక్కువ సాధించే మగాడు." ఇది సెంటా, పెళ్లిళ్ల పేరయ్య రాసిన బయోడేటానా? పూల వాసనైతే రొమాంటిక్, నిమ్మకాయ వాసనైతే హుషారు, చెక్క వాసనైతే లీడరు. పేపర్లో వారఫలాలు చదివి నవ్వేవాళ్లే ఈ కార్డు చదివి 4,800 కడుతున్నారు. నాకు తెలిసిన లీడర్ల దగ్గర ఖద్దరు గంజి వాసన, కారు ఏసీ వాసన తప్ప ఏ చెక్కా తగల్లేదు మరి.

అదే కార్డులో ఇంకో ముక్క: ఎర్రచందనం నోట్ అంట, అంటే దాని వాసన కలిసుందని. నేను ఉదయగిరిలో పుట్టినోణ్ణి. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు నాయనా! రంగు ఉంటుంది, నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు ఉంటుంది, చేత్తో పట్టుకుంటే కేసు ఉంటుంది. వాసన మంచిగంధానిది. అది వేరే చెట్టు, దీనికీ దానికీ చుట్టరికం కూడా లేదు. పేర్లో చందనం ఉంది గదా అని సీసాలోకి తోసేశారు.

అబ్బయ్యకి ఇది చెబితే ఊద్ తీశాడు. "ఇది రాయల్ సార్." ఊద్ ఎట్టా పుడుతుందో వాడికి తెలుసో లేదో. అగరు చెట్టుకి బూజు పడుతుంది. ఆ రోగాన్ని ఆపడానికి చెట్టు లోపల్లోపలే జిగురు ఊరించుకుంటుంది, చెక్క నల్లబడుతుంది. ఆ నల్లబడ్డ ముక్కే ఊద్. రోగం లేని అగరు చెక్కలో అంత ఘుమఘుమ ఉండదు. మరి ఆ లెక్కన దాన్ని పూసుకునేవాడి పర్సనాలిటీ ఏమని రాయాలి కార్డు మీద?

రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర అత్తర్లు అమ్మేవాళ్లుంటారు, మీరు కూడా చూసుంటారు. నా చిన్నప్పుడు ఒకాయన "చెయ్యి పెట్టు బేటా" అని మణికట్టు మీద గాజు పుల్లతో చిన్న గీత గీసి, మిగిలింది దూదికి అద్ది చెవిలో పెట్టాడు. కాన్ఫిడెన్స్ ఉందా లేదా అని అడగలేదు. చెప్పులసలు చూడలేదు.

నాకీ సెంట్ల పిచ్చి ఐదేళ్ల నుంచి ఉంది, అందుకే ఇంత మంట. 2006లో వచ్చిన టెర్ దెర్మెస్ అని ఒక సెంటు ఉంది, ఉడీ అంటే ముందు దాని పేరే చెప్తారు. దాంట్లో దేవదారు లాంటి వాసనతో పాటు ఉండేది వట్టివేరు. మా అమ్మమ్మ ఎండాకాలం కడవలో వేసే వట్టివేరు! ఆమెకి లీడర్‌షిప్ నిజంగానే ఉండేదనుకోండి, మా తాతే సాక్ష్యం. ఇంకోటి, ఇప్పటి సీసాల్లో చెక్క వాసనంతా చెక్క నుంచి రాదు. ఐసో ఈ సూపర్ అనే చెక్క వాసన రసాయనం 1973లో అమెరికా కంపెనీ ల్యాబులో పుట్టింది, ఎన్ని ఉడీ సెంట్లలో అదే నడుస్తోందో. చెట్టూ లేదు, చెక్కా లేదు, గాంభీర్యం మాత్రం కార్డు మీద ఉంది.

సెడార్ అని సెంట్లోళ్లు అనేది కూడా చాలాసార్లు అమెరికాలో పెన్సిళ్లు చేసిన చెట్టే. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే పొట్టు వాసన గుర్తు తెచ్చుకోండి, అదే.

మా నాన్న కుడి చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. వడ్రంగి. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద, చేతి వెంట్రుకల మీద రంపపు పొట్టు. టేకు కోసిన రోజు ఒక వాసన, నూనె పట్టిన తోలు లాగా. వేప కోసిన రోజు దగ్గరికి పోతే గొంతులో చేదు తగిలేది. పాలిష్ రోజు లక్క, స్పిరిట్. ఆయన చొక్కా వాసన చూసి ఈరోజు ఏ చెక్క కోశాడో చెప్పేవాణ్ణి. ఆయనకెవరూ స్ట్రాంగ్ పర్సనాలిటీ అని కార్డు ఇవ్వలేదు.

ఇచ్చింది మా చిన్న మామ, ఇంకో రకం కార్డు. 2011లో మాగుంట లేఅవుట్‌లో ఇల్లు కట్టాడు. తలుపులు, కిటికీలు, పూజగది, అన్నీ నాన్నే చేశాడు, నాలుగు నెలలు. "మనింటి పని గదా బావా" అన్నాడు మామ, అంటే కూలి లేదని అర్థం. గృహప్రవేశం రోజు తెల్లవారుజాము దాకా సింహద్వారం బిగిస్తానే ఉన్నాడు మా నాన్న. పొట్టు దులుపుకుని భోజనాల దగ్గరికొస్తే పదిమందిలో "ఏంది బావా, స్నానం చేసొచ్చుండకూడదా, చెక్క వాసనొస్తున్నావు" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

ఆ మామే ఇప్పుడు దుబాయ్ నుంచి కొడుకు పంపిన ఉడీ పూసుకుంటాడు. పోయిన సంక్రాంతికి మణికట్టు నా ముక్కు దగ్గర పెట్టి "చూడరా, ఇది క్లాస్" అన్నాడు. చూశా మామా. మా నాన్న చొక్కా వాసనలో సగం కూడా లేదు. ఈ పోస్టు నువ్వు చూస్తావని తెలుసు, చూడు.

షాపు సంగతి చెప్పలేదు గదా. కొనలేదు. కానీ పట్టుబట్టి ఎడం చేతి మీద ఒక్కసారి కొట్టించుకున్నా. చెక్క వాసన బరువైంది, తొందరగా ఎగిరిపోదు. మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసు తిన్న కుడి చెయ్యి ఒక పక్క, పదకొండు గంటలైనా పోని సెడార్ ఒక పక్క. బాగుందా అంటే, బాగుంది. అదే నా బాధ.

సింహద్వారం వానకి ఉబ్బి బిగుసుకుపోతోందంట, బావని ఒకసారి పంపించమని మామ మొన్న ఫోన్ చేశాడు. నాన్నకి డెబ్బై రెండు. వద్దంటే వినడే. ఇది రాస్తుండగానే వసారాలో కూర్చుని చిత్రికకి నూనె పెట్టి తుడుస్తున్నాడు, చెవి మీద పెన్సిల్‌తో.