సరిహద్దు దాటితేనే వలస కూలీయా?

మిరపకోతల కాలం వస్తే కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాపాపలతో, వంటసామానుతో జనం గుంటూరు, పల్నాడు దారి పడతారు. వందల కిలోమీటర్లు వెళ్లినా, అంతర్రాష్ట్ర వలస చట్టం లెక్కలోకి మాత్రం వీళ్లు రారు. రాష్ట్రం దాటలేదు కదా! అదే ముఠా ఖమ్మం బండెక్కితే వలస కార్మికులైపోతారు. 2014 జూన్ 2కు ముందైతే అదీ లేదు.

పోనీ, దాటినవాళ్లకైనా ఒరిగిందేమిటి? 1979 నాటి చట్టం ఒకచోట అయిదుగురు వలస కార్మికులుంటే వర్తించేది. దాని బదులు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. కాంట్రాక్టరుతో పనిలేకుండా సొంతంగా వచ్చినవాళ్లనూ కలుపుకోవడం మంచి మార్పే. కానీ ఊరు వదిలి వచ్చినందుకు సగం నెల జీతమిచ్చే స్థానచలన భత్యం పోయింది. రానుపోను ఛార్జీలకు ముసాయిదా నిబంధనల్లో పెట్టిన షరతు ఏడాదిలో 180 రోజుల పని. మిరపకోతలు అన్ని రోజులు ఎక్కడ సాగుతాయి?

అసలు చిక్కు యజమాని ఎవరన్నది. ముఠా ఈవేళ ఒకరి చేలో, ఎల్లుండి మరొకరి చేలో ఉంటుంది. అడ్వాన్సు మేస్త్రి చేతిలో పడుతుంది, కూలి కిలోల లెక్కన తెగుతుంది. రెండెకరాల కౌలు రైతును పట్టుకుని రిజిస్టరు చూపించు, ఛార్జీలు కట్టు అంటే అతను మాత్రం ఎక్కణ్నుంచి తెస్తాడు?

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు నడిచి వెళ్తూ పన్నెండేళ్ల పిల్ల దారిలోనే చనిపోయింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదన్న చట్టం అప్పటికే ఉంది. ఆ పిల్ల ఆ చేలల్లో ఉన్నట్టు ఏ కార్యాలయంలోనైనా రాసి ఉందా అంటే నాకు నమ్మకం లేదు.

చేలు వేలల్లో ఉన్నా, కాయ చేరేది గుంటూరు యార్డుకో, ఖమ్మం మార్కెట్‌కో. పట్టుకోవాల్సింది అక్కడ. మహారాష్ట్రలో హమాలీలకూ ఒకే యజమాని ఉండడు. అందుకే 1969లో మథాడీ చట్టం తెచ్చి, వ్యాపారుల నుంచి సుంకం వసూలు చేసి బోర్డుల ద్వారా కూలి, సదుపాయాలు అందేలా చూశారు. మిరపకూ అలాంటి నిధి పెట్టొచ్చు. ట్రాక్టరు బోల్తాపడితే బీమా, తిరుగు ఛార్జీలు, ఊళ్లో పిల్లలకు సీజనల్ హాస్టళ్లు అందులోంచి నడవాలి. వ్యాపారి ఆ సుంకాన్ని రైతు ధరలోంచే కోస్తాడన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కొంత కోస్తాడు కూడా. అందుకే భారంలో సింహభాగం ఎగుమతిదారుల మీద పెట్టాలంటాను.

ఇక లెక్క సంగతి. 2019లో రేషన్ కార్డును రాష్ట్రం దాటించిన తొలి జంటల్లో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. బియ్యానికి చేయగలిగిన పని కూలీల నమోదుకు ఎందుకు చేయలేం? మేస్త్రి పేరు, ముఠాలో ఎందరు, వాళ్ల సొంతూరు, ఇచ్చిన అడ్వాన్సు. దిగిన ఊరి సచివాలయంలోనో పంచాయతీలోనో ఇంతవరకు రాయించడం తప్పనిసరి చేస్తే, రేపు కూలి ఎగ్గొట్టినప్పుడు కనీసం అడగడానికో కాగితం ఉంటుంది.