మహారాజశ్రీ స్వయంపఠనం గారికి

మహారాజశ్రీ స్వయంపఠనం గారి దివ్య సముఖమునకు,

బీరువా తలుపు మీది టైంటేబులు చార్టులో, పదిన్నర నుంచి పదకొండున్నర దాకా పసుపు గడిలో కాపురముంటున్న తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమంగా లేము.

నిన్న తమరు చేసిన పని ఏం మర్యాదగా లేదండీ. ఆ గంటలో పిల్లలు ఎవరి పాటికి వాళ్ళు చదువుకుంటారు, నేను వంట ముగించుకోవచ్చు అని తమరిచ్చిన మాట నమ్మాను. పొద్దున్నే కొరమీను తెప్పించి, ఉప్పూ పసుపూ వేసి కడిగి పెట్టుకున్నాను. చింతపండు నానింది. మామిడికాయ ముక్కలు కోశాను. తర్వాత జరిగింది తమరికి తెలుసు, తలుపు మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నారు. మూడు దాటాక నలుగురం కూర్చుని పెరుగన్నం తిన్నాం. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచంటారు గానీ, అది వండిన మర్నాటికి సుమండీ.

మా ముగ్గురు పిల్లలకీ బడి ఇంట్లోనే. పెద్దవాడికి పద్నాలుగు, ఓపెన్ స్కూల్లో పదికి కట్టాం. అమ్మాయికి తొమ్మిది. చిన్నోడికి ఐదు. వాడికి వర్గ సమీకరణాలు, దానికి భాగహారాలు, వీడికి క గుణింతం. ముగ్గురి ముందూ మూడు పుస్తకాలు పెట్టి, ‘ఇంక ఎవరూ నన్ను పిలవకూడదు’ అని వంటింట్లోకి వెళ్ళాను. మూకుడు పొయ్యి మీద పెట్టానో లేదో, ‘మా, ఒక్క డౌటు’ అన్నాడు పెద్దవాడు.

వాడి లెక్కలో ఎక్స్ విలువ రెండైనా సరిపోతుందంట, మూడైనా సరిపోతుందంట. ‘ఒక లెక్కకి రెండు జవాబులు ఎట్టా ఉంటాయి మా?’ అన్నాడు. కసిరి కూర్చోబెట్టే ప్రశ్న అయితే కసిరేదాన్నే. మంచి ప్రశ్నయిపోయింది. స్టవ్వు ఆపేసి గ్రాఫు గీయడానికి కూర్చున్నాను. గీత ఎక్స్ అక్షాన్ని రెండు చోట్ల కోస్తుంది చూడు అని చూపిస్తుండగానే అమ్మాయి వచ్చింది. 437ని నాలుగుతో భాగించిందంట. 109 వచ్చిందంట. ‘ఒకటి మిగిలిపోయింది మా, దీన్నేం జెయ్యాలా?’

‘నాకియ్యి!’ అన్నాడు చిన్నోడు.

‘ఇయ్యను. నేను చేసిన భాగహారం, నాది.’

‘మా, అక్క మిగిలింది నాకు ఇయ్యటంలా!’

శేషం కోసం నా పిల్లలు జుట్లు పట్టుకున్నారు స్వయంపఠనం గారూ. ఆస్తి కోసం కొట్టుకున్నవాళ్ళని చూశాను, పొలం గట్టు కోసం కొట్టుకున్నవాళ్ళనీ చూశాను. నోటుబుక్కులో పెన్సిలుతో రాసిన ఒకటి అంకె కోసం కొట్టుకున్నవాళ్ళని నిన్ననే చూశాను. పంచాయితీ తీర్చి, ఆ ఒకటిని చెరిపి దశాంశాల్లోకి దించి, 109.25 అని రాసి చూపిస్తే, ‘పావలా నాకియ్యి’ అన్నాడు వాడు. క గుణింతంలో ‘కి’ దగ్గర ఆగిపోయినవాడికి పావలా లెక్క ఎట్టా తెలిసిందో నాకు తెలీదు.

ఈ ఆలోచన తమరి సొంతం కాదని నాకు తెలుసు. ఒకే గదిలో ఒకే టీచరు అన్ని తరగతులకూ చెప్పాల్సిన పల్లెటూరి బడుల కోసం మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు ఒక పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్ల లాగా పేరుస్తారు. ఎవరు ఏ మెట్టు మీదుంటే అక్కడి నుంచే చదువు. టీచరు పక్కనే ఉండాల్సినవాళ్ళు ఒకచోట, అప్పుడప్పుడు తొంగిచూస్తే చాలనేవాళ్ళు ఒకచోట, తోటిపిల్లల సాయంతో నడిచేవాళ్ళు ఒకచోట, తమంతట తాము చేసుకునేవాళ్ళు ఇంకోచోట కూర్చుంటారు. పద్ధతిని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. నేనూ హాల్లో నాలుగు చాపలు పరిచాను. మొదటి చాప మీద ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. తోటిపిల్లల సాయం చాప మీద పైన చెప్పిన యుద్ధం జరిగింది. తమరి చాప మీద పిల్లి పడుకుంది. నన్ను పిలవకుండా తన పని తాను చూసుకునేది ఈ ఇంట్లో అదొక్కటే.

తిక్కన సోమయాజి భారతంలో పదిహేను పర్వాలు చెప్పింది ఈ నెల్లూరి మనిషిగానే. ఆయన చెబుతుంటే గురునాథుడు రాశాడంటారు. విరాటపర్వం మధ్యలో ‘మా, రబ్బరు యాడుంది?’ అని ఎవరన్నా అడిగారేమో, ఆ సంగతి మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

మిగతావాళ్ళ మీద నాకంత కోపం లేదు. సరిగ్గా పదకొండుకి పోయే కరెంటుకి నమస్కారం. ‘ఇంట్లోనే ఉంటావు గదా’ అని తన గ్యాసు సిలిండరు కూడా నన్నే దించుకోమనే పక్కింటి అక్కకి నమస్కారం. కందుకూరు నుంచి ఫోన్ చేసి, ‘ఓపెన్ పది అంటే నిజం పదేనా?’ అని అడిగే పెద్దత్తకి రెండు నమస్కారాలు. నిజం పదే పెద్దత్తా. అయిదు సబ్జెక్టులు, పరీక్షలు, మార్కులు, టెన్షన్, అన్నీ నిజమే.

చిత్రమేమంటే, చార్టులో గడి లేని చదువులు బంగారంగా నడుస్తాయి. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు మేడ మీదికి ఎక్కితే ముగ్గురికీ ఒకటే పాఠం. పీఎస్ఎల్వీలో నాలుగు దశలు, ఒకటి ఘన ఇంధనమైతే తర్వాతిది ద్రవ ఇంధనమని పెద్దవాడు చెబుతాడు. వెలుగు కనబడుతుంటే మోత ఇంకా రాలేదేమని అమ్మాయి అడుగుతుంది. చిన్నోడు చెయ్యి ఊపి టాటా చెబుతాడు. నేను నోరు తెరవక్కర్లేదు. అలాంటివాటికి నేను సెంటు జాగా ఇవ్వలేదు. తమరికి మాత్రం రోజూ ఒక గంట, అదీ పసుపు స్కెచ్‌పెన్నుతో అలికి మరీ ఇచ్చాను.

ఇంక తమరూ లేదు గిమరూ లేదు. నువ్వే.

నువ్వసలు లేవనుకుంటే నాకింత మంట ఉండేది కాదు. ఉన్నావు. నా కళ్ళతో చూశాను. రాత్రి పదింటికి లైటు ఆపండిరా అంటే వస్తావు. ‘ఈ ఒక్క పేజీ మా’ అని పెద్దవాడు బతిమాలతాడు. చినుకులు పడుతున్నాయి, దండెం మీది బట్టలు తీయమ్మా అంటే వస్తావు. అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తదు. కాకరకాయ కూర వడ్డిస్తే చాలు, చిన్నోడు కంచం ముందు నుంచి లేచి గోడ మీది క్యాలెండరులో అక్షరాలు కూడబలుక్కుంటాడు. మొన్న ‘రాహుకాలం’ చదివాడు. ‘కి’ రాయలేనివాడు! అప్పుడు ఒక్కడికీ డౌటు రాదు, దాహం వెయ్యదు, రబ్బరు పోదు. మరి పదిన్నరకి ఏం రోగం నీకు? నేను పొయ్యి వెలిగిస్తే నీ సొమ్మేం పోయింది?

అందుకని నిన్ను చార్టులోంచి కత్తిరించి పారేస్తున్నాను. కత్తెర అమ్మాయి దగ్గరుంది. తెమ్మని ఇందాకటి నుంచి పిలుస్తున్నా.

‘ఉండు మా, చదువుకుంటున్నా’ అంటోంది.

ఇట్లు,
ముగ్గురి తల్లి,
వేదాయపాళెం, నెల్లూరు