ఫీజు కట్టిన తండ్రి, నోరు విప్పని కౌన్సెలర్

(బావగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇంజనీరింగ్ చదువుతున్న పందొమ్మిదేళ్ల కొడుకు ఒక ఆసుపత్రి ఓపీలో కౌన్సెలింగ్‌కు వెళుతున్నాడు. మరదలు వేరే ఊళ్లో క్లినికల్ సైకాలజిస్టు.)

బావగారు: ఫీజు కట్టేది నేను. లోపల వాడేం చెప్పాడమ్మా అని అడిగితే, "అది మీకు చెప్పకూడదండీ" అంది ఆ కౌన్సెలర్. కన్నవాడికి చెప్పకూడని సంగతేముంటుంది?

మరదలు: కన్నవాళ్లకు చెప్పుకోలేకే కదా బావగారూ అక్కడికి వెళ్లింది! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా చెప్పింది. వాడికి పద్దెనిమిది నిండాయి.

బావగారు: చట్టం నేనూ తిరగేశాను. ఎవరినీ ప్రతినిధిగా నామినేట్ చేయకపోతే బంధువునే ప్రతినిధిగా భావించాలని 14వ సెక్షన్ అంటోంది. ప్రతినిధికి సమాచారం ఇవ్వవచ్చని నువ్వు చెప్పిన ఆ 23వ సెక్షనే అంటోంది. ఏమంటావు?

మరదలు: ప్రతినిధిగా తన విధులు నిర్వర్తించడానికి కావలసినంత మేరకే. లోపలి మాటలన్నీ అప్పజెప్పమని కాదు.

బావగారు: గోప్యత, గోప్యత అంటారు. ఓపీ హాల్లో వాడి పేరు నలుగురికీ వినబడేలా కేకేసి పిలిచారు. ఫైలు బల్ల మీద తెరిచే ఉంది. తలుపు తోసుకుని ఇంకో పేషెంటు తల దూర్చాడు. ఊరందరికీ తెలియవచ్చు, తండ్రికి తప్ప!

మరదలు: అది సిగ్గుపడాల్సిన విషయమే. టోకెన్ నంబరుతో పిలవచ్చు, తలుపు దగ్గర మనిషిని పెట్టవచ్చు. కానీ అక్కడ గుట్టు సరిగ్గా కాపాడలేదని ఉన్న కాస్తా మీకు ఇచ్చేయమంటారా?

బావగారు: ఫైళ్ల సంగతి వదిలెయ్. అసలు భయం చెబుతాను. ప్రమాదం ఉందో లేదో తేల్చేది మీరే. తేల్చడంలో పొరబడితే మీకు ఒక కేసు పోతుంది, మాకు కొడుకు పోతాడు. కాలిఫోర్నియాలో టారసాఫ్ కేసు నీకు తెలియనిది కాదు. 1969లో ఓపీకి వచ్చే కుర్రవాడు ఒక అమ్మాయిని చంపుతానని సైకాలజిస్టుతో అన్నాడు. పోలీసులకు చెప్పారు, వాళ్లు పట్టుకుని వదిలేశారు. ఆ అమ్మాయికి గాని, ఆమె తల్లిదండ్రులకు గాని ఒక్క మాట చెప్పినవారు లేరు. ఆమె హత్యకు గురైంది. అవసరమైన మనిషికి చేరని జాగ్రత్త ఎందుకమ్మా?

మరదలు: కాదనను. మా అంచనా తప్పవచ్చు. ముప్పును ముందే చూపించే పరీక్ష ఏదీ మా దగ్గర లేదు. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా ముప్పున్న మనిషిని కాపాడే బాధ్యత చికిత్స చేసేవారిదేనని చెప్పింది. మన చట్టమూ ప్రాణాపాయం ఉంటే, ఇతరులకు హాని జరిగేలా ఉంటే అవసరమైన సమాచారం బయటపెట్టవచ్చంటోంది. కానీ మీరడిగేది అంతవరకే కాదు, అంతా. లోపలన్నది సాయంత్రానికి నాన్నకు చేరుతుందని తెలిస్తే కుర్రవాడు తప్పిన సబ్జెక్టుల గురించి చెప్పడు, ప్రేమ సంగతి ఎత్తడు, చివరికి చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట కూడా మింగేస్తాడు. అప్పుడు మిమ్మల్ని హెచ్చరించడానికి మా దగ్గర ఏం మిగులుతుంది? నేనైతే మొదటిరోజే, పేరు రాసుకోగానే చెబుతాను: ప్రాణానికి ముప్పుంటే, కోర్టు అడిగితే మాట ఈ గది దాటుతుంది, వీలైతే ముందు నీకే చెబుతాను అని. పిల్లలపై లైంగిక నేరమైతే నా ఇష్టాయిష్టాలతో పనే లేదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పకపోతే నాకే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. ఇక ముప్పుందని ఇంటికి ఫోన్ చేసినా "ఇవాళ ఒంటరిగా ఉంచకండి, వెంటనే తీసుకురండి" అంటాను. వాడు ప్రేమించే అమ్మాయి ఎవరు, మీ మీద కోపమెందుకు అన్నవి చెప్పను.

బావగారు: నా మీద కోపముందా?

మరదలు: నాకేం తెలుసు? నేను చూస్తున్నది మీ అబ్బాయిని కాదు కదా.

బావగారు: సరే. ఈ హద్దులేవో వాడికి మొదటిరోజు చెప్పారో లేదో అడుగుతాను. వచ్చేసారి నేనూ లోపల కూర్చుంటాను.

మరదలు: వాడు సరేనంటే కూర్చోండి.

బావగారు: దానికీ వాడి అనుమతేనా!

మరదలు: దానికీ.