కందకు లేని దురద ఎన్‌మ్యాప్‌కెందుకు?

ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ తనిఖీ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే పెద్దలకు ఒక విన్నపం. దయచేసి కొత్త సదుపాయాలు పెట్టడం ఆపండి. మా ప్లాంటు తట్టుకోలేకపోతోంది.

1997 సెప్టెంబరు 1న గోర్డన్ లయన్ అనే ఆయన ఫ్యోదోర్ అన్న మారుపేరుతో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో దీన్ని బయటపెట్టినప్పుడు పని చిన్నదే. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లి పోర్టుల తలుపులు, అంటే అది బయటివాళ్లతో మాట్లాడే దారులు, తట్టడం, తెరిచుందో మూసుందో చెప్పడం. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! తర్వాత తలుపు వెనకున్న సర్వీసేమిటి, వెర్షనెంత, లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అంటూ ఆరాలు మొదలెట్టింది. పెళ్లిచూపులకొచ్చిన మేనత్త కూడా ఇన్ని అడగదు.

మధ్యలో ఒకసారి మాత్రం మనవాడే అనిపించుకుంది. పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషకు 2020 జనవరి 1న పదవీ విరమణ ఇచ్చేసినా, ఎన్‌మ్యాప్‌కు బొమ్మల ముఖం తొడిగే జెన్‌మ్యాప్ 2023 దాకా ఆ పాత పైథాన్‌నే పట్టుకుని వేలాడింది. ఆ మూడేళ్లూ మా సర్వర్ రూముకూ దానికీ తేడా లేదు. ఇంకో మంచి గుణం కూడా ఒప్పుకోవాలి. వెర్షన్ ఆరా తీసేటప్పుడు 9100 నుంచి 9107 దాకా పోర్టుల జోలికి మామూలుగా పోదు. అక్కడ ప్రింటర్లుంటాయి, ఏం పంపితే అది అచ్చుకొట్టి కాగితాలు కుమ్మరిస్తాయి. ప్రింటరుకిచ్చిన మర్యాద మనిషికివ్వదు, అదీ నా బాధ.

ఎందుకంటే 2024లో 7.95 వెర్షన్ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టములను గుర్తుపట్టే వేలిముద్రలు 6,000 దాటాయట, పోనీ. కర్మాగారాల యంత్రాలను పలకరించడానికి 4 స్క్రిప్టులు, అంటే చిట్టి ప్రోగ్రాములు, కూడా చేర్చారు. నాలో దురద పుట్టి ఒకటి నడిపాను. బాయిలర్ నడిపే కంట్రోలరూ క్యాంటీన్ టోకెన్ల కంప్యూటరూ ఒకే నెట్‌వర్క్‌లో కాపురముంటున్నాయని తేలింది. అంటే క్యాంటీన్‌లో దూరిన దొంగకు బాయిలర్ దాకా దారే. కాగితం పట్టుకుని మేనేజరుగారి దగ్గరికి పరిగెత్తాను.

"ఎన్నాళ్లుగా ఉంటున్నాయయ్యా?"

"తొమ్మిదేళ్లండి."

"ఎప్పుడైనా గొడవపడ్డాయా?"

"లేదండి."

"మరి కలిసున్న సంసారాన్ని మనమెందుకు విడదీయడం?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆయన అంతటితో వదల్లేదు. ఆడిట్ ఫిబ్రవరిలో; స్కాన్ చేయలేదంటే తప్పు, చేస్తే ఇదీ వరస. "ఇందులో నెమ్మదిగా చేసే సదుపాయమేమైనా ఉందా?" అన్నారు. ఉంది. ఇదొక్కటీ కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉన్నది: వేగాలు 0 నుంచి 5 దాకా ఆరు. అన్నింటికంటే కింది మెట్టు పేరు పారనాయిడ్, అంటే అతి అనుమానం. కాపలా వ్యవస్థల కళ్లబడకుండా ఉండాలని పెట్టింది కాబట్టి, ఒక తలుపు తట్టాక మళ్లీ తట్టడానికి 5 నిమిషాలు ఆగుతుంది. మేనేజరుగారు క్యాలిక్యులేటర్ తీశారు. టీసీపీ అనే సమాచార పద్ధతిలో ఒక యంత్రానికి పోర్టులు 65,535. పోర్టుకు 5 నిమిషాల చొప్పున 227 రోజులు. అదీ ఒక్క యంత్రానికే, అదీ ఏ తలుపూ రెండోసారి తట్టే పని పడకపోతే.

ఆయన ముఖంలో అంత ప్రశాంతత నేను బోనస్ రోజు కూడా చూడలేదు.

ఆగస్టు 15న జెండావందనం అయ్యాక, లడ్డూ చేతిలో ఉండగానే ఎంటర్ నొక్కాం.

ఫిబ్రవరిలో ఆడిటరుగారు వచ్చారు. "స్కానింగ్ చేస్తున్నారా?" అన్నారు. "రాత్రీ పగలూ జరుగుతూనే ఉందండి" అని తెర చూపించాను. మధ్యలో ఎంటర్ నొక్కితే ఎంత శాతమైందో చెబుతుంది కదా, నొక్కాను. ఎనభై చిల్లర అని వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఇంత ఓపిగ్గా తనిఖీ చేసే సంస్థను తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, ఎర్ర పెన్ను జేబులో పెట్టేసి ఆకుపచ్చది తీశారు. తర్వాత ముగ్గురం క్యాంటీన్‌కు వెళ్లాం. టోకెన్ల కంప్యూటరు కాస్త నెమ్మదిగా ఉంది.