వీరుడా, పెచ్చు ఊడనివ్వకు!

రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం చేసిన పొరపాట్ల గురించి చరిత్రకారులు గుట్టలకొద్దీ పుస్తకాలు రాశారు గాని, ఆ సైనికులు తమ పతకాల మీది ఎనామిల్‌ను ఎంత నిర్లక్ష్యంగా వాడారన్న సంగతిని వారిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ లోటును ఇప్పుడు పతకాల సేకర్తలు ఒంటిచేత్తో పూడుస్తున్నారు. ఈమధ్య ఒక వేలం కేటలాగులో ‘రెడ్ స్టార్’ ఆర్డరు, అంటే మామూలు పతకం కన్నా పై మెట్టు సోవియట్ పురస్కారం, గురించిన వివరణ చదివాను. మొదట దాని నంబరు, ఏ టంకశాలలో తయారైంది, స్క్రూ పొడవెంత, వెనకనున్న నట్టు అసలుదా మార్చినదా అన్న విచారణ ఉంది. ఆ తరువాత, గడియారంలో ఏడు గంటల అంకె ఉండే దిక్కున నక్షత్రపు కోణం అంచులో ఎనామిల్ కొద్దిగా పెచ్చు ఊడిందని, ఇది దురదృష్టకరమని ఒక నిట్టూర్పు ఉంది. చిట్టచివర, ఈ ఆర్డరు పొందిన సార్జెంటు తగలబడుతున్న ట్యాంకులో నుంచి ఇద్దరిని బయటికి లాగి, మూడోవాడి కోసం మళ్ళీ లోపలికి దూరాడని ఒక ముక్క ఉంది. దురదృష్టం పెచ్చు గురించే. ట్యాంకు సంగతికి ఆ పెద్దమనుషులు పెట్టిన పేరు ‘ఆకర్షణీయమైన నేపథ్యం’.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పాఠకులు అడగవచ్చు. ‘సోవియట్ భూమి’ పత్రిక దళసరి కాగితాలను పాఠ్యపుస్తకాలకు అట్టలుగా వేసుకొని, ఛాతీ నిండా పతకాలతో నిలబడ్డ ఆ ముసలివాళ్ళ బొమ్మలను ఏడాది పొడుగునా బడిసంచిలో మోసిన తెలుగువాళ్ళకు ఆపాటి దురద ఉండడంలో తప్పు లేదని మనవి.

రెడ్ స్టార్‌ను 1930 ఏప్రిల్‌లో నెలకొల్పారు. ముదురెరుపు ఎనామిల్ పోసిన ఐదు కోణాల వెండి నక్షత్రం, దాని మధ్యలో పొడుగాటి చలికోటుతో తుపాకీ పట్టుకున్న సైనికుడు, అతని చుట్టూ ప్రపంచ కార్మికులను ఏకం కమ్మనే నినాదం ఉంటాయి. సుమారు 38 లక్షల సార్లు దాన్ని ప్రదానం చేశారు. అది పిన్నీసుతో తగిలించుకునే బిళ్ళ కాదు. చొక్కాకు బెజ్జం పెట్టి, వెనకనున్న స్క్రూను అందులో దూర్చి, లోపలి నుంచి గుండ్రటి నట్టు బిగించాలి. దాన్ని తగిలించుకున్నవాడు మంచులో బోర్లా పాకాడు, కందకంలోకి దూకాడు, గాయపడ్డవాణ్ణి ఛాతీకి అదుముకొని మోశాడు. ఎనామిల్ అంటే గాజే కదా, పెచ్చు ఊడింది.

ఇప్పుడు ఆ నక్షత్రం ఏ జర్మనీలోనో అమెరికాలోనో ఒక సేకర్త బల్ల మీదికి చేరిన ఘట్టాన్ని ఊహించండి. నల్లటి మఖమల్ గుడ్డ పరిచి ఉంటుంది. చేతులకు తెల్లటి నూలు తొడుగులు, ఒక కంటికి కంసాలి భూతద్దం, పక్కన గ్రాములో నూరోవంతు వరకు తూచే త్రాసు. పెళ్ళిచూపుల్లో పిల్లను నడిపించి చూసే మేనత్త సైతం చూపలేని నిశితమైన అనుమానంతో ఆయన ఒక్కొక్క కోణాన్నీ వెలుతురులో తిప్పుతాడు. ఆ ఎరుపు మరీ నిగనిగలాడుతున్నదేమిటి, ఎవరైనా రంగు పూసి పెచ్చును కప్పిపుచ్చారా అని అనుమానం వచ్చి, గదిలో దీపాలార్పి అతినీలలోహిత కాంతి లైటు వేసి చూస్తాడు, ఎందుకంటే ఆ కాంతిలో అసలు ఎనామిల్ ఒక రకంగాను, అతుకు వేసిన రంగు ఇంకో రకంగాను మెరుస్తాయి. ఏమీ మెరవదు. ప్రాణం కుదుటపడుతుంది. తిరగేస్తాడు. అక్కడ, అయ్యో, స్క్రూ పొట్టిగా ఉంది! ఎవడో కత్తిరించాడు. ఎవడో ఏమిటి, తగిలించుకున్నవాడే కత్తిరించాడు, రొమ్ముకు గుచ్చుకుంటున్నదని. పక్కనున్న మిత్రుడు తల పట్టుకుంటాడు. ఇద్దరూ కొంతసేపు మాట్లాడరు. భావితరాల సేకర్తల గురించి క్షణకాలమైనా ఆలోచించకుండా, కేవలం తన రొమ్ము నొప్పిని మాత్రమే చూసుకున్న ఆ సైనికుడి స్వార్థాన్ని తలచుకొని మిత్రుడు చివరికి అంటాడు: “వాళ్ళకు విలువ తెలియదండీ.”

అందుచేత ముందుముందు జరగబోయే యుద్ధాల్లో సైనికులు కొన్ని నియమాలు పాటించాలని సేకర్తల తరఫున విన్నవించుకుంటున్నాను. పాకవలసి వస్తే వెల్లకిలా పాకాలి. తూటా తగిలితే పతకం లేని పక్కనే తగలనివ్వాలి. చావు తప్పదనుకున్నప్పుడు పై అధికారి సాహస వివరాలు రాసి సంతకం చేసేదాకా ఓపిక పట్టాలి, ఎందుకంటే కాగితం లేని చావుకు మార్కెట్ లేదు. సాహసం చేసేటప్పుడు సాక్షులను దగ్గర ఉంచుకోవాలి, వారి పేర్ల అక్షరక్రమం గుమాస్తాకు సరిగ్గా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నట్టు పోగొట్టుకోకూడదు. కాలు పోతే కర్రకాలు పెట్టించుకోవచ్చు గాని, టంకశాల పేరున్న అసలు నట్టు ఎక్కడ దొరుకుతుంది?

కాగితం మాట వచ్చింది గనుక చెప్పాలి. ప్రతి ఆర్డరు వెనకా నంబరు ఉంటుంది. ఆ నంబరును పట్టుకొని మాస్కో దగ్గరి పొదోల్స్క్ సైనిక ఆర్కైవ్ దాకా వెళితే, అది ఎవరిది, దేనికిచ్చారు అన్న పత్రం దొరుకుతుంది. యుద్ధకాలపు సిఫారసు పత్రాలను రష్యా రక్షణ శాఖ 2010లో ఇంటర్నెట్‌లో పెట్టింది. మనవడు తాత కథ చదువుకుంటాడని కాబోలు పెట్టారు. మనవడికంటే ముందు వర్తకుడు చదువుకున్నాడు. పత్రంలో వంటశాల బండి అని ఉంటే ధర నీరసపడుతుంది, శత్రుట్యాంకు అని ఉంటే కళకళలాడుతుంది, ‘మరణానంతరం’ అని ఉంటే ఇక చెప్పనక్కరలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడన్న సామెతకు ఇంత నిక్కచ్చిగా వెల కట్టిన వ్యాపారం ఇంకొకటి లేదు. నెత్తురు కాగితం మీద ఎంత ఒలికితే అంత మంచిది. ఎనామిల్ మీద మాత్రం గీత పడకూడదు.

ధర కట్టడం సేకర్తలు కనిపెట్టిన విద్యేమీ కాదని ఒప్పుకోవాలి. ఆ పని మొదట చేసింది సోవియట్ ప్రభుత్వమే. లెనిన్ ఆర్డరుకు నెలకు 25 రూబుళ్ళు, రెడ్ బ్యానర్‌కు 20, రెడ్ స్టార్‌కు 15, ‘సాహసానికి’ అనే పతకానికి 10 చొప్పున ఇచ్చేవారు. యుద్ధం ముగిసి, పతకాలు పొందినవారు మరీ ఎక్కువైపోయారని గ్రహించిన సర్కారు 1948 జనవరి 1 నుంచి ఆ భత్యాన్ని ఎగ్గొట్టింది. బెర్లిన్ దాకా నడిచి వెళ్ళినవాడికి నెలకు పదిహేను రూబుళ్ళు దండగనిపించిన చోట, ఈనాటి సేకర్త ధారాళంగా డాలర్లు కుమ్మరిస్తున్నాడు. అవి బెర్లిన్ దాకా నడిచినవాడికి చేరడం లేదన్నది చిన్న సాంకేతిక లోపం.

అరుదుగా దొరికేదానికే విలువన్న సూత్రం ఇంకా ముచ్చటైనది. ‘జర్మనీపై విజయం’ పతకాన్ని సుమారు కోటీ నలభై తొమ్మిది లక్షల మందికి ఇచ్చారు గనుక దాన్ని సేకర్తలు చిల్లర కింద లెక్కవేస్తారు. ‘ఒడెస్సా రక్షణ’ పతకం సుమారు ముప్పై వేల మందికే అందింది గనుక దాన్ని చూస్తే వారికి లాలాజలం ఊరుతుంది. 1941లో ఒడెస్సాను కాపాడి, అక్కడి నుంచి తరలి సెవాస్తపోల్‌లో మళ్ళీ పోరాడిన వారిలో ఎందరు పతకం అందుకొనేదాకా బతికారన్నది ఆ అరుదుతనం వెనకనున్న లెక్క. ఎక్కువమంది బతికి బయటపడడం సేకరణకు మంచిది కాదు. అందుకే 1985లో, విజయానికి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా, అప్పటికి బతికున్న సైనికులందరికీ ఇచ్చిన ‘దేశభక్త యుద్ధం’ ఆర్డరు పేరెత్తితే సేకర్త ముఖం చిట్లిస్తాడు. అది ‘జూబిలీ సరుకు’ అట. నలభై ఏళ్ళపాటు గాయాలతో, కుంటికాలితో, చేదు జ్ఞాపకాలతో బతికి ఉండడం ఏపాటి ఘనకార్యం? ఎవరైనా చేస్తారు.

సోవియట్ అధినేత బ్రెజ్నెవ్‌ను ఈ వ్యాసంలోకి తేకూడదనే అనుకున్నాను గాని, ఆయన తన వంతు రాకముందే ప్రతి పతకం దగ్గరికీ వచ్చి నిలబడేవాడు. 1978లో తనకు తాను ‘విక్టరీ’ ఆర్డరు ఇప్పించుకున్నాడు. పెద్ద పెద్ద సేనల అధిపతులకు, యుద్ధ గతిని మార్చినందుకు ఉద్దేశించిన ఆ వజ్రాల నక్షత్రాన్ని, ఆయన పోయిన ఏడేళ్ళకు 1989లో ఆయన పేరు నుంచి తొలగించారు. మాస్కోలో భూకంపం వచ్చిందా అని అడిగితే, లేదు, బ్రెజ్నెవ్ కోటు కుర్చీ మీద నుంచి జారిపడిందని చెప్పుకొనేవారు అక్కడి జనం. సేకర్త ఆయనను మించినవాడు. బ్రెజ్నెవ్ వద్ద ‘మాతృ వీరనారి’ ఆర్డరు లేదు, పదిమంది పిల్లలను కని పెంచిన తల్లికే అది ఇస్తారు. సేకర్త దగ్గర అలాంటివి మూడుంటాయి, యోగ్యతాపత్రాలతో సహా.

యుగోస్లావియా పతకాల దగ్గరికి వస్తే ఈ శాస్త్రం మరింత సూక్ష్మమవుతుంది. అక్కడ నాజీలతో పోరాడిన గెరిల్లాలు, అంటే పార్టిజాన్లు, 1943 ఆగస్టులో, ఇంకా కొండల్లో తిరుగుతూ ఉండగానే, తమ ఆర్డర్లను నెలకొల్పుకున్నారు. తొలి విడతలు మాస్కో టంకశాలలో తయారయ్యాయి. ఆ తరువాత జాగ్రెబ్‌లోనే చేసుకున్నారు. మాస్కో ముద్ర ఉన్నది సేకర్తకు ప్రాణం, జాగ్రెబ్‌ది ఉంటే ఉంది లేకుంటే లేదు. 1948 జూన్‌లో స్టాలిన్‌కూ యుగోస్లావియా అధినేత టిటోకూ చెడింది. మరుసటి ఏడాది నుంచి, మాస్కో పక్షం వహించారన్న నేరం మీద, అనుమానం మీద, పొరుగువాడి ఫిర్యాదు మీద వేలమందిని అడ్రియాటిక్ సముద్రంలోని గోలి ఒటోక్ దీవికి తోలారు. వారిలో నాజీల మీద తొలినాటి నుంచి పోరాడిన పార్టిజాన్లు ఉన్నారు. చెట్టూ చేమా లేని ఆ బండల మీద వారి చేత రాళ్ళు మోయించారు, ఒకరి చేత ఒకరిని కొట్టించారు. మాస్కోతో ఏ కాస్త సంబంధమున్నా మనిషి అక్కడికి పోయేవాడు. ఇప్పుడు అదే సంబంధం పతకం మీద ఉంటే ధర పెరుగుతుంది.

ఆ ఆర్డర్లలో ‘సోదరత్వం, ఐక్యత’ అనేదొకటి ఉంది. సెర్బులూ, క్రోవాట్లూ, బోస్నియా ముస్లింలూ కలిసి పోరాడినందుకు గుర్తు అది. 1991లో ఆ దేశం ముక్కలవుతూ క్రొయేషియాలోని వుకోవర్ నగరం నేలమట్టమయ్యాక, మరుసటి ఏడాది బోస్నియా రాజధాని సరాయెవోను చుట్టుముట్టాక, దినారు మీద సున్నాలు పెరిగి పెరిగి 1993లో యాభైవేల కోట్ల నోటు అచ్చయ్యాక, ఆ ఆర్డరును ఇంట్లో ఉంచుకొని ఏం చేస్తారు? బెల్‌గ్రేడ్‌లో కలెమెగ్దాన్ కోట దగ్గరి బల్లల మీదికి వచ్చింది. రష్యాలోనూ అదే కాలంలో పింఛను డబ్బు రొట్టెకు చాలక వృద్ధులు పతకాలు తెచ్చి వీధిలో పెట్టుకున్నారు. సేకర్తల జ్ఞాపకాల్లో ఆ రోజులు స్వర్ణయుగం. “తొంభైల్లో ఎంత చవగ్గా దొరికేవో!” అని ఇప్పటికీ తన్మయత్వంతో చెప్పుకుంటారు. ఆ చవక ఎవరి ఆకలి నుంచి వచ్చిందో వారు చెప్పరు, మనం అడగకూడదు.

సేకర్తలకు నీతి లేదనడం అన్యాయం. దొంగ సరుకు తయారుచేసేవాళ్ళంటే, అంటే నంబరు చెరిపి వేరే నంబరు చెక్కేవాళ్ళంటే, వారికి ఒళ్ళు మండిపోతుంది. వారి దృష్టిలో అంతకుమించిన ద్రోహం లేదు. అసలు సరుకు ఎవరి గోడ మీద నుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం మర్యాదస్తులు వేసేది కాదు. సోవియట్ పతకాలను అక్రమంగా కొనడం, అమ్మడం రష్యా శిక్షాస్మృతి 324వ అధికరణ కింద నేరం. కాబట్టి వ్యాపారం సరిహద్దు దాటి, శుభ్రమైన గదుల్లోకి, అందమైన కేటలాగుల్లోకి మారింది.

సోవియట్ నౌకాదళపు వైస్ అడ్మిరల్ గియోర్గి ఖొలొస్త్యాకోవ్ పేరు ఆ కేటలాగుల్లో ఎందుకు వేయరో నాకు తెలుసు. స్టాలిన్ కాలంలో 1938లో అరెస్టయి, శిబిరంలో మగ్గి, 1940లో బయటపడి, ఆ అవమానమంతా మింగి యుద్ధంలో నోవోరొసీస్క్ నౌకా స్థావరాన్ని, ఆ తరువాత డాన్యూబ్ నౌకాదళాన్ని నడిపినవాడు ఆయన. ‘సోవియట్ యూనియన్ హీరో’ బిరుదు పొందినవాడు. 1983 జూలైలో, 80 దాటిన వయసులో, మాస్కోలోని తన ఇంటికి జర్నలిజం విద్యార్థులమంటూ వచ్చిన యువ దంపతులను లోపలికి రానిచ్చాడు. వాళ్ళు ఆయన్ని, ఆయన భార్యని కొట్టి చంపి, పతకాలున్న కోటును పట్టుకుపోయారు. ఆ కుర్రవాడికి పతకాల పిచ్చి లేదు. కొనేవాడున్నాడని తెలుసు, అంతే. కొనేవాడు లేకుంటే ఆ ముసలివాడు తన మంచంలో పోయేవాడు. అభిరుచి అంటారు, చరిత్ర మీద ప్రేమ అంటారు, తొడుగులేసుకున్న చేతులకు మరక అంటదంటారు. అంటింది. ఎన్ని దీపాలు వేసి చూసినా మీకు కనబడనిది అదొక్కటే.

“మేము చరిత్రను కాపాడుతున్నాము” అన్నది దీనికి వారి జవాబు. ఆ కాపాడే పద్ధతి కూడా చెప్పుకోవాలి. ఒక సైనికుడి లెనిన్ ఆర్డరు, రెండు రెడ్ స్టార్లు, దేశభక్త యుద్ధం ఆర్డరు, వాటి నంబర్లన్నీ వరుసగా రాసిన చిన్న ఆర్డర్ల పుస్తకం ఒకే పెట్టెలో దొరికాయనుకోండి. కలిపి అమ్మితే కొనగలిగేవాళ్ళు తక్కువ గనుక వర్తకుడు విడగొడతాడు. బంగారమూ ప్లాటినమూ ఉన్న లెనిన్ ఒక దేశానికి, స్టార్లు చెరొక ఖండానికి పోతాయి. పుస్తకాన్ని వేరే ఎవరో కొంటారు. కొన్నేళ్ళకు ఒక సేకర్త ఆ పుస్తకంలోని నంబర్లను వెతుక్కుంటూ వెళ్ళి, రెండింటిని తిరిగి సంపాదించి, ‘పునఃకలయిక’ అని పేరు పెట్టి ఇంకా ఎక్కువకు అమ్మకానికి పెడతాడు. ఈలోగా సైనికుడి మనవడికి ఎలాగో ఈ సంగతి తెలిసి, తాత ఆర్డర్లలో కనీసం ఒక్కటి తమకిస్తారా అని ఉత్తరం రాస్తాడు. ఎంతో మర్యాదగా జవాబు వస్తుంది. కుటుంబ సభ్యులు గనుక పది శాతం తగ్గింపు, తపాలా ఖర్చులు అదనం.