ఫైలు మీద రాసే చెయ్యి

1901 జనవరి 1న ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం మొదలైన రోజు మంత్రులు ప్రమాణం చేశారు. వాళ్ల కింద ఉద్యోగి మాత్రం ఒక్కరే: 33 ఏళ్ల సిడ్నీ లాయరు రాబర్ట్ గ్యారన్. తొలి గెజిట్‌ను (ప్రభుత్వ ప్రకటనల పత్రాన్ని) చేత్తో రాసి, ప్రింటరు దగ్గరికి తనే పట్టుకెళ్లారు. ఆఫీసుకు తలా తానే, తోకా తానేనని తర్వాత చెప్పుకునేవారు. 1932లో రిటైరయ్యేదాకా న్యాయశాఖ కార్యదర్శి ఆయనే. 1916 నుంచి సొలిసిటర్ జనరల్ (ప్రభుత్వ న్యాయాధికారి) కూడా. మంత్రులు వచ్చారు, పోయారు. పక్కన గ్యారన్, ఆయన చేతిలో పెన్ను, ఒక తెల్లకాగితం, యుద్ధకాలపు చట్టం ఉంటే దేశాన్ని ఏలెయ్యొచ్చని ప్రధాని హ్యూస్ అన్నారంటారు.

ఆ పెన్ను ఆస్ట్రేలియాలోని మన భారతీయుల దాకా కూడా వచ్చింది. 1902 ఓటుహక్కు చట్టం ఆడవాళ్లకు ఓటిచ్చి, ఆదివాసులకూ ఆసియావాళ్లకూ తీసేసింది. రాజ్యాంగం 41వ సెక్షన్ మాత్రం, రాష్ట్రంలో ఓటున్న మనిషిని కేంద్రం ఆపకూడదంటుంది. దానికి గ్యారన్ చెప్పిన అర్థం చాలా ఇరుకు: 1902 నాటికే రాష్ట్ర ఓటరైనవాళ్లకే ఆ రక్షణ, తర్వాతివాళ్లకు లేదు. ఒక అధికారి అభిప్రాయం దశాబ్దాలపాటు ఓటరు జాబితాలను నడిపించింది.

1922లో భారత నాయకుడు శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియాకొచ్చి భారతీయుల హక్కుల కోసం ఊరూరా మాట్లాడారు. 1924లో మెల్‌బోర్న్‌లో ఉంటున్న మిట్టా బులోష్ అనే భారతీయుడు, నాకు విక్టోరియాలో ఓటుంది, కేంద్రంలో ఎందుకు లేదని కోర్టుకెక్కి గెలిచాడు. ప్రభుత్వం అప్పీలు వేసి, వెనక్కి తీసుకుని, 1925లో చట్టాన్నే మార్చి బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లకు ఓటిచ్చింది. (అక్షరాలా చదివితే గుంటూరాయనకు ఓటు ఖాయం. నిజాం రాజ్యంలోని వరంగల్లాయన సంగతి తేల్చడానికి మళ్లీ ఓ గ్యారన్ కావాలి!) ఆదివాసులందరికీ కేంద్ర ఎన్నికల్లో ఓటు రావడానికి 1962 దాకా పట్టింది.

గ్యారన్‌ను దుర్మార్గుడనడం నా ఉద్దేశం కాదు. చట్టాన్ని మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో రాయాలని పట్టుబట్టిన ఆయన మీద నాకు గౌరవమే. కానీ అంత నిష్ఠగల అధికారి కూడా తన కాలపు కళ్లతోనే చదివాడు. ఆ గదిలో మరో రకం కళ్లు లేవు.

అందుకే నాకు ఇక్కడి మన తెలుగు సంఘాల తీరు మీద విసుగు. ఉగాది వేదిక మీద ఎంపీకి శాలువా కప్పి ఫొటో దిగగానే పలుకుబడి వచ్చేసిందనుకుంటాం. వీసా నియమాల మీద ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగితే ఒక్క పేజీ రాసి పంపం. కూతురు కాన్‌బెర్రాలో ప్రభుత్వోద్యోగానికి పెట్టుకుంటానంటే, ఐటీ వదిలి గుమాస్తా పనేంటని దెప్పుతాం. ఈ ఏడాది శాలువాల ఖర్చులో సగం తీసి, చట్టం చదువుతున్న మన పిల్లలను నలుగురిని కూర్చోబెట్టి, సంఘం పేరుతో ఆ ఒక్క పేజీ రాయిద్దామని కార్యవర్గానికి నా ప్రతిపాదన.